మౌంటు అంచున తెల్లగీత

“రెండో అట్ట ఎక్కడ?” అని ప్రసన్నలక్ష్మి మూడోసారి అడిగింది.

“ఒక్కటే ఇచ్చిన్రు, ఒక్కటే కోసిన, ఒక్కటే పెట్టిన. ఇంకెన్ని తీర్ల చెప్పాలె మేడమ్?”

ఫ్రేములు కట్టే యెహోషువ మూడోసారీ అదే జవాబిచ్చి, మూడోసారీ ఆమె ముఖం వైపు కాక గోడమీది ఫొటో వైపు చూశాడు. బాలాపూర్ గణేశుడి లడ్డూను వేలంలో గెలుచుకున్న ఆసామి ఒకడు, నెత్తిన పళ్ళెంతో, బంగారురంగు ఫ్రేములోనుంచి ఊరందరినీ ఆశీర్వదిస్తున్నట్టు నవ్వుతున్నాడు.

ప్రసన్నలక్ష్మి ఆ చూపును గమనించింది. నేరం దాచేవాడు ప్రశ్న అడిగే మనిషి ముఖాన్ని వదలడు. తన మాట ఎంతవరకు చెల్లిందో అతనికి తెలియాలి. యెహోషువ చూపు తప్పిస్తున్న తీరులో భయం కన్న సిగ్గు ఎక్కువగా కనిపించింది. అరవయ్యేళ్ళ మనిషి, ఒక అట్టముక్క విషయంలో ఎందుకు సిగ్గుపడాలి?

“మేడమ్, మీరింకో పదిసార్లు అడిగినా సమాధానం మారదండి.” బీమా సంస్థ పరిశోధకుడు అరుణ్‌కుమార్ గడపకు అటువైపు, బూట్లకు రంపపు పొట్టు అంటకుండా నిలబడి అన్నాడు. “గోవర్ధన్ గారు ఇతనికి రెండు అట్టలు ఇచ్చారు. ఒకటి బొమ్మ చుట్టూ ఉంది. రెండోదాంట్లో అసలు బొమ్మను పెట్టి ఎవరికో చేరవేశాడు. ఇందులో పరిశోధించడానికి ఏముందో నాకైతే బోధపడటం లేదు.”

“మీకు బోధపడినవాటి జాబితా చెప్పున్రి అరుణ్‌కుమార్ గారూ. నేను అక్కడినుంచి మొదలుపెడ్త.”

బల్లమీద కూర్చున్న ఎస్.ఐ. నవ్వు ఆపుకున్నాడు. యెహోషువను సాయంత్రంలోగా అరెస్టు చేయడానికి అతను కాగితాలు సిద్ధం చేసుకునే వచ్చాడు. ఈ కాస్త వ్యవధి కూడా యెహోషువ భార్య యేసమ్మ పుణ్యమే. భర్త మీద ఫిర్యాదు వచ్చిందని తెలిసిన మరుక్షణం ఆమె బస్సెక్కి బాలాపూర్ వెళ్ళి, ప్రసన్నలక్ష్మి ఇంటి తలుపు తట్టింది. ఒక ప్రదర్శనశాలలో కాగితపు చిత్రాల సంరక్షణ ఇరవయ్యేళ్ళపాటు చూసి, ఆ కొలువు వదిలి స్వతంత్రంగా పరిశోధనలు చేస్తున్న ప్రసన్నలక్ష్మికి నకిలీ బొమ్మల సంగతి కొత్త కాదు. అయితే ఈ నకిలీ వెనక ఉన్న చిక్కు మాత్రం ఆమెకు కూడా కొత్తగా ఉంది.

చిక్కు ఇది. మంఖాల్ ఊరి చిత్రకారుడు చెన్నయ్య, తన తల్లి దుర్గవ్వ చేటతో జొన్నలు చెరుగుతూ ఉండగా నీటిరంగుల్లో ఒక బొమ్మ వేశాడు. చెన్నయ్య పోయిన తర్వాత దాని విలువ పెరిగింది. గోవర్ధన్ అనే వ్యాపారి దాన్ని సంపాదించి, పెద్ద మొత్తానికి బీమా చేయించి, విదేశంలో అమ్మకానికి పంపదలచాడు. ప్రయాణానికి ముందు మౌంటు కట్టించడానికి శంషాబాద్ బస్టాండు వెనక ఉన్న ఈ షాపుకు తెచ్చాడు. మౌంటు అంటే బొమ్మకూ అద్దానికీ నడుమ ఉండే అట్ట. మధ్యలో కిటికీలా కోసి, ఆ కిటికీలోనుంచి బొమ్మ కనబడేట్టు అమరుస్తారు. యెహోషువ మౌంటు కోశాడు, ఫ్రేము కట్టాడు, గోవర్ధన్ మనిషి వచ్చి పట్టుకుపోయాడు. విమానానికి పంపే ముందు, తన గోదాములో, గోవర్ధన్‌కే ఎందుకో అనుమానం వచ్చింది. అరుణ్‌కుమార్‌ను పిలిపించాడు. అరుణ్‌కుమార్ అద్దం తీయించి, భూతద్దం పెట్టి చూశాడు. దుర్గవ్వ చీరలో రంగులకు బదులు అచ్చుయంత్రం వదిలిన సన్నని చుక్కలు కనిపించాయి. కిటికీలో ఉన్నది ఒట్టి నకలు.

“నాకు బోధపడింది చెబుతాను, వినండి.” అరుణ్‌కుమార్ చేతులు కట్టుకున్నాడు. “ఇతను మౌంటును వెనక అట్టకు నాలుగు వైపులా జిగురుతో అతికించేశాడు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపిన జిగురు. ఆ నీలిఛాయ వేరే ఏ షాపులోనూ ఉండదు. నేను నాలుగు అంచులూ పరీక్షించాను. జిగురు ఎక్కడా విడలేదు, అట్ట ఎక్కడా చిరగలేదు. అంటే ఇతను మూసిన తర్వాత ఆ అట్టల మధ్యకు ఎవరూ వెళ్ళలేదు. మరి నకలు లోపలికి ఎలా వెళ్ళింది? మూయకముందే వెళ్ళింది. మూసింది ఎవరు? ఇతనే.”

వాదనలో ప్రసన్నలక్ష్మికి లోపం కనిపించలేదు. తలుపు లోపల గడియ పెట్టి ఉన్న గదిలాంటిదే ఆ ఫ్రేము. గడియ పెట్టిన చేయి ఒక్కటే.

“నాలుగు దిక్కుల ఎందుకు అతికించినవ్ అన్నా?” ఆమె యెహోషువను అడిగింది. “పైభాగాన ఒక్క పట్టీ వేస్తే చాలు కద. వానకాలం కాగితం ఉబ్బితే ముడతలు పడ్తది.”

ఆ ప్రశ్నకు యెహోషువ తల ఎత్తాడు. “ఎవల పద్ధతి వాళ్ళది మేడమ్. ఈ రోడ్డు మీద దుమ్ము ఎట్లుంటదో మీకెర్క లేదు. నాలుగు దిక్కుల పెట్టకుంటే ఆర్నెల్లల్ల దుర్గవ్వ చేటల జొన్నలకు బదులు మన్ను ఉంటుండె.”

“అదుగో! మూసింది తానేనని ఒప్పుకున్నాడు,” అన్నాడు అరుణ్‌కుమార్.

“మూసిన. నేనే మూసిన. అసలు బొమ్మ మీదనే మూసిన!”

“రెండో అట్ట?”

“ఒక్కటే ఇచ్చిన్రు!”

వెనక గదిలోనుంచి యేసమ్మ చాయ్ గ్లాసులతో వచ్చింది. ప్రసన్నలక్ష్మి ఒక గ్లాసు అందుకుని, భర్తకు వేయవలసిన ప్రశ్నను భార్యకు వేరే రూపంలో వేసింది.

“యేసమ్మా, ఈ నడుమ మీ ఆయన ఏ దినమన్న అన్నం తినకుండ లేచిండా?”

“లేచిండక్కా. గా బొమ్మ పని చేసిన దినమే. చేపల పులుసు చేసిన. పళ్ళెం నూకి లేచిండు. బ్లేడు ఇసిరికొట్టిండు. నాతోని రాత్రిదాంక మాట్లాడలే.”

“యేసమ్మా, నువ్వు లోపలికి నడు,” అన్నాడు యెహోషువ.

“ఆ దినం నీకేమన్న ఇచ్చిండా? పారెయ్యమనో, కాలబెట్టమనో?”

యేసమ్మ భర్తను చూసింది, ఎస్.ఐ.ను చూసింది, మళ్ళీ భర్తను చూసింది. “పొయ్యిల పెట్టుమని ఒక అట్ట ఇచ్చిండక్కా. తెల్లగ, పాలమీగడ లెక్క ఉన్నది. గంత మంచి అట్ట ఎవరన్న పొయ్యిల పెడ్తరా? బీరువ తలుపుకు లోపలి దిక్కు, మా వినీల పెండ్లి ఫొటో చుట్టు పెట్టుకున్న. ఊరందరి ఫొటోలు కడ్తడు. సొంత బిడ్డ పెండ్లి ఫొటోకు ఈయనకు తీరిక దొరకలే.”

అరుణ్‌కుమార్ చేతులు విడదీశాడు. ఎస్.ఐ. లేచి నిలబడ్డాడు. యెహోషువ మాత్రం బల్లమీద చేతులు ఆనించి, తల వంచి, ఎవరో తన చొక్కా నలుగురిలో విప్పించినట్టు నిలిచిపోయాడు.

అట్టను తెచ్చి వెలుగులో పెట్టారు. మధ్యలో కిటికీ సంపూర్ణంగా కోసి ఉంది. కోత నిటారుగా లేదు. ముఖం నుంచి లోపలికి ఏటవాలుగా దిగింది. పైపొర లేత మీగడరంగు, లోపలి గుజ్జు మంచు తెలుపు. కాబట్టి ఏటవాలు తెగిన చోటల్లా, కిటికీ చుట్టూ ఒక తెల్లగీత మెరుస్తోంది. కంటిని బొమ్మవైపు నడిపించేది ఆ గీతే. మూడు మూలలు సూదిమొనల్లా కలుసుకున్నాయి. నాలుగో మూలలో మాత్రం బ్లేడు ఆగవలసిన చోట ఆగక, బియ్యపు గింజలో సగమంత ముందుకు పోయింది.

“ఇదేనా?” అన్నాడు ఎస్.ఐ. “నాకైతే కనబడ్తనే లేదు.”

“మీకు సగం గింజ సార్,” అన్నాడు యెహోషువ. “నాకు గుమ్మం లెక్క కనబడ్తది. కొత్తూరు నుంచి మంఖాల్ దాంక అడుగున్రి, యెహోషువ మూల దాటిండని ఒక్కడన్న అంటడేమో. గోవర్ధన్ సేటు రెండు అట్టలిచ్చి, ఒకటి చెడగొడితే ఇంకోటి ఉంటదన్నడు. నా చేతుల చెడుడా అని నలుగురిల నవ్విన. రెండోది మల్ల తెచ్చిస్తనని పందెం గట్టినట్టు చెప్పిన. మొదటిదే చెడ్డది! ఇగ ఏ మొకం పెట్టుకోని చెప్పాలె?”

“దీనికోసం జైలుకు పోదమనుకున్నవా?”

“జైలుకు పోయినోళ్ళు మల్ల వస్తరు సార్. మూల దాటిందన్న పేరు పోదు.”

యేసమ్మ నుదురు కొట్టుకుంది. “ప్రభువా! ఈ మనిషికి బుద్ధియ్యి.”

అరుణ్‌కుమార్ ఓడినట్టు కనబడలేదు. నిజానికి అతని గొంతు మరింత మృదువైంది. “రెండో అట్ట లెక్క తేలింది. సంతోషం. నా వాదనలో అది చిన్న మేకు మాత్రమేనండి. గోడ అలాగే ఉంది. జిగురు విడలేదు. లోపల నకలు ఉంది. ఆ రెండింటికీ మీ దగ్గర జవాబు ఉందా?”

ప్రసన్నలక్ష్మి ఆ మాట విననట్టు అట్టపైకి వంగింది. పాడైన మూల ఆమెను ఆకర్షించలేదు. సరిగ్గా వచ్చిన మూలల వెంట, తెల్లగీత మీద వేలిగోరు నడిపిస్తూ చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత అడిగింది:

“అన్నా, బ్లేడు ఎట్ల పట్టుకుంటవ్?”

యెహోషువ సొరుగులోనుంచి ఒక టేకు దిమ్మె తీశాడు. అరచేతిలో ఇమిడే ఆ దిమ్మెకు ఒక పక్క ఏటవాలుగా గాడి, గాడిలో బిగించిన బ్లేడు. “నేనే చేసుకున్న. చెయ్యి ఒణికినా వాలు మారదు. దిమ్మె పట్టుకుంటది.”

“రెండు అట్టలకూ ఇదే దిమ్మెనా?”

“ఇంకోటి లేదు.”

ఆమె సన్నని కాగితపు పట్టీ ఒకటి తీసి తెల్లగీత మీద పెట్టి, సరిగ్గా ఆ గీత వెడల్పుకు కత్తిరించింది. యెహోషువ చేత దానిని సరిచూయించింది. పట్టీ గీతను ఆసాంతం కప్పింది. వెంట్రుకంతైనా అటూ ఇటూ మిగలలేదు. పట్టీని కళ్ళజోడు పెట్టెలో దాచుకుని, అట్టను చంకన పెట్టుకుని లేచింది.

“ఎస్.ఐ. గారూ, అరెస్టు సాయంత్రమన్నరు కద. గోవర్ధన్ గోదాముకు పోయి వచ్చే టైముంది. యెహోషువన్న కూడ వస్తడు.”

“అక్కడ చూడాల్సింది నేను చూశాను మేడమ్,” అన్నాడు అరుణ్‌కుమార్.

“చూసిన్రు. కొలిచిన్రా?”

విమానాశ్రయపు సరుకుల ద్వారానికి దగ్గరలో ఉన్న గోదాములో గోవర్ధన్ వాళ్ళకు ఎదురొచ్చాడు. తెల్ల కుర్తా, నెమ్మదైన మాట, మర్యాదకు లోటు లేని మనిషి. ఫ్రేము ఒక బల్లమీద పడుకోబెట్టి ఉంది. అద్దం తీసి పక్కన ఆనించారు. బల్ల పక్కనే అతని డ్రైవరు మడిచిన దుప్పటి పట్టుకుని నిలుచున్నాడు.

“మంచిగ వచ్చిన్రు,” అన్నాడు గోవర్ధన్. “అరుణ్‌కుమార్ గారూ, మీ ఫొటోలు, సంతకాలు అయిపోయినయ్ కద. ఇగ ఆ ఫ్రేము నాకిప్పియ్యున్రి. నకలైతే ఏంది, చెన్నయ్య యాదిగ ఇంట్ల పెట్టుకుంట. కారు తయారుగుంది.”

“ఇచ్చేస్తామండి. మా సంస్థకు ఆ నకలుతో పని లేదు.”

“జర ఆగున్రి,” అంది ప్రసన్నలక్ష్మి. “సేటు, మీకు అనుమానం ఎట్లొచ్చింది? అద్దం వెనక ఉన్న బొమ్మ. అచ్చుచుక్కలు భూతద్దం లేకుంటే కనబడయి. మీరు దూరంనుంచే ఎట్ల పట్టిన్రు?”

“కళ్ళకు అలవాటు మేడమ్. దుర్గవ్వ మొకం చూస్తనే తెలిసింది, ఇది మన దుర్గవ్వ కాదని.”

“మంచి కళ్ళు.”

ఆమె చేతులకు తొడుగులు వేసుకుని బల్లపైకి వంగింది. కిటికీలో దుర్గవ్వ, మోకాళ్ళ మధ్య చేట, గాలిలో పొట్టు. చుట్టూ మీగడరంగు మౌంటు. మూలలు నాలుగూ సూదిమొనలే. వెనకనుంచి యెహోషువ తృప్తిగా దగ్గడం వినిపించింది. ఫ్రేమును నిలబెట్టించి వెనకవైపు చూసింది. అతుకు అంచుల వెంట జిగురు నీలిఛాయ అఖండంగా ఉంది. అరుణ్‌కుమార్ చెప్పిందాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు.

మళ్ళీ పడుకోబెట్టించి, కళ్ళజోడు పెట్టెలోనుంచి కాగితపు పట్టీ తీసింది.

“ఎస్.ఐ. గారూ, దగ్గరికి రాన్రి. షాపుల ఈ పట్టీ తెల్లగీతకు సరిపోయింది. మీరు చూసిన్రు. ఇప్పుడు చూడున్రి.”

పట్టీని కిటికీ పై అంచున, తెల్లగీత మీద ఆనించింది. పట్టీ గీతను దాటి లోపలికి, దుర్గవ్వ కొప్పు మీదుగా జారింది. కుడివైపు పెట్టింది, అక్కడా దాటింది. కింద, ఎడమ, అంతటా అంతే. ఇక్కడి తెల్లగీత షాపులోని తెల్లగీత కన్న సన్నం.

“చేతికోత కదండీ,” అన్నాడు అరుణ్‌కుమార్. “ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండదు.”

“చెయ్యి పక్కకు పోతే మూల దాటుతది, గీటు వంకరపోతది. వాలు మాత్రం దిమ్మె చేతిల ఉన్నది, మనిషి చేతిల లేదు. ఒకే మందం అట్ట, ఒకే దిమ్మె. గీత వెడల్పు మారనీకి వీల్లేదు. అయినా నామాట నమ్మవద్దు. మీరే కొలవున్రి.”

అరుణ్‌కుమార్ పట్టీ తీసుకున్నాడు. మొదట నిర్లక్ష్యంగా, తర్వాత జాగ్రత్తగా, ఆ తర్వాత రెండోసారి కొలిచాడు. పాడైన అట్టను పక్కన పెట్టించుకుని మళ్ళీ కొలిచాడు. అతను నెమ్మదిగా నడుము ఎత్తినప్పుడు ముఖంలో వెనకటి ధీమా లేదు.

“నాలుగు వైపులా ఒకే మేరకు తగ్గింది,” అన్నాడు.

“ఏటవాలు గోడలున్న తొట్టి అనుకోన్రి. ఖాళీ తొట్టిల గోడ అడుగుదాంక కనబడ్తది. అడుగున ఇన్ని నీళ్ళు పోస్తే?”

“గోడ తక్కువ కనబడుతుంది.” అరుణ్‌కుమార్ చూపు కిటికీ మీదికి పోయింది. “అంటే… కిటికీలో ఏదో పోశారు.”

“మూసిన తలుపు గురించే మీరు ఆలోచించిన్రు. గడియ తీయకుండ లోపలికి ఎట్ల పోయిండు అని. వాడు లోపలికి పోనే లేదు అరుణ్‌కుమార్ గారూ. అద్దం తీసి, ముందు దిక్కు నుంచి, పలచటి అట్టకు అంటించిన నకలును కిటికీ కొలతకు కోసి, దాంట్ల దించిండు. అంచుకు ఎదురువాలు కోసిండు, అందుకే సందు కనబడలే. మీదికెల్లి మల్ల అద్దం బిగించిండు. జిగురు ఎందుకు విడ్తది? దాన్ని ఎవడూ ముట్టలే.”

“అయితే అసలు బొమ్మ…” ఎస్.ఐ. మాట పూర్తి చేయలేదు.

ప్రసన్నలక్ష్మి సంచిలోనుంచి సన్నగా చెక్కిన వెదురుపుల్ల తీసింది.

“ఆగున్రి!” గోవర్ధన్ గొంతు మొదటిసారి పెరిగింది. “ఎవల సామాను మీద చెయ్యేస్తున్నరు? గా ఫ్రేము నాది. సంతకాలైనయ్. ఎస్.ఐ. సాబ్, ఇది జులుం. గీకితే పాడైతది!”

“ఏం పాడైతది సేటు?” ఆమె పుల్లను గాలిలోనే ఆపింది. “మీరే నకలన్నరు. విలువ లేదన్నరు. విలువ లేని కాగితం గీరుకుపోతే గింత పరేషాన్ ఎందుకు?”

డ్రైవరు దుప్పటిని ఒక చంకలోనుంచి మరో చంకలోకి మార్చుకున్నాడు. పైన ఒక విమానం దిగుతూ పోయింది.

“మేడమ్, ఒకవేళ కింద ఏమీ లేకపోతే,” అన్నాడు అరుణ్‌కుమార్ మెల్లగా, “సాక్ష్యం పాడుచేసినందుకు మీమీద కేసు పెట్టవలసి వస్తుంది. పెడతాను కూడా.”

“పెట్టున్రి.”

ఎస్.ఐ. గోవర్ధన్‌ను చూశాడు, యెహోషువను చూశాడు. చేతిలోని కాగితాలను మడిచి జేబులో పెట్టుకున్నాడు. “తీయున్రి మేడమ్.”

వెదురుపుల్ల మొన తెల్లగీత వెంట, కింది ఎడమ మూలలో దిగింది. క్షణం పాటు ఏమీ జరగలేదు. ఆమె మొనను వేలెడు పక్కకు జరిపి, మళ్ళీ ఎత్తింది. దుర్గవ్వ పాదాల దగ్గర నేల కదిలింది. ఒక అంచు లేచింది. ఆ వెంట చేట, జొన్నలు, మోకాళ్ళు, ముఖం, అన్నీ ఒకే రేకుగా పైకి వచ్చాయి.

దానికింద మరో దుర్గవ్వ ఉంది.

పైదానికీ దీనికీ తేడా చెప్పడానికి భూతద్దంతో పనిలేదు. చీర నీలం కాగితపు నూలులోకి ఇంకి, ఒడ్డున చిక్కబడి ఆగింది. పొట్టు ఎగిరిన చోట చెన్నయ్య రంగు వేయక కాగితాన్నే వదిలేశాడు. దవడ కింద అతను ముందు గీసి, తర్వాత మనసు మార్చుకున్న పెన్సిలు గీత ఒకటి, పలచని రంగు కింద బతికే ఉంది. నీటిరంగుల ముందు ఇరవయ్యేళ్ళు గడిపిన ప్రసన్నలక్ష్మి, చేతిలో రేకు పట్టుకుని, చేయవలసిన పని మరిచి కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది.

అరుణ్‌కుమార్ భూతద్దంతో వంగాడు. చాలాసేపు లేవలేదు.

“చుక్కలు లేవు,” అన్నాడు చివరికి. “అసలుదే. ఇల్లు కదలనేలేదు.”

యేసమ్మ ఇక్కడ ఉంటే ప్రభువును పిలిచేది. యెహోషువ మాత్రం ప్రసన్నలక్ష్మి చేతిలోని రేకును లాక్కున్నంత పని చేసి, వెనక్కి తిప్పి, మూలలు ఒక్కొక్కటీ వెలుగులో చూశాడు. అతని ముఖం ఎర్రబడింది.

“గిదేంది? ఇవి మూలలా? కుక్క కొరికినట్టున్నయ్! ఇది నేను కోసిన్నని కేసు పెట్టిన్రా నామీద?” అతను నేరుగా అరుణ్‌కుమార్ ముఖం ముందు రేకును ఊపాడు. “దొంగన్నరు, ఊకున్న. గీ కోత నాదన్నరా! ఇజ్జత్ తీసిన్రు కదనయ్యా!”

ఎస్.ఐ. ఈసారి నవ్వు ఆపుకోలేదు. అరుణ్‌కుమార్ ఒక అడుగు వెనక్కి వేసి, అందరూ వినేట్టు, “తప్పు నాది, యెహోషువ గారూ,” అన్నాడు. ‘ఇతను’ అన్న మాట ఆ మధ్యాహ్నంతో పోయింది.

“ఇగ మిగిలింది ఒక్క ప్రశ్న,” ప్రసన్నలక్ష్మి తొడుగులు విప్పింది. “బొమ్మను ఎత్తుకపోయేటోడు బొమ్మను తీసుకపోతడు. ఈడ ఉన్నోడు బొమ్మను ముట్టలే, దాని మీద ఇంకోటి పెట్టి పోయిండు. ఎవనికి లాభం? నకలని తేలినంక ఆ ఫ్రేమును ఎవరూ వెతకరు, ఎవరూ కాపలా కాయరు. యజమానికి వాపసు ఇస్తరు. పైనుంచి బీమా సొమ్ము ఇస్తరు. యెహోషువన్న జైలుకు పోతడు. యజమాని ఇంటికి పోయి, ఈ రేకు తీసి, తన బొమ్మ తను చూసుకుంటడు.”

ఎవరూ గోవర్ధన్ పేరు ఎత్తలేదు. ఎస్.ఐ. వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవరు దుప్పటిని నేలమీద పెట్టి, తనకు సంబంధం లేదన్నట్టు రెండడుగులు జరిగాడు.

గోవర్ధన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మర్యాద మళ్ళీ అతని ముఖంలోకి వచ్చింది. “లాయరుతోని మాట్లాడ్త,” అన్నాడు.

గెలుపు సంపూర్ణంగా ఉంది. యెహోషువ కిటికీ చుట్టూ తన తెల్లగీత మళ్ళీ పూర్తి వెడల్పుకు పెరగడాన్ని కళ్ళారా చూసుకుంటున్నాడు. ఎస్.ఐ. ఫోనులో ఠాణాకు కబురు చెబుతున్నాడు. అరుణ్‌కుమార్ ఒక్కడే ఆ సంబరంలో కలవలేదు. బల్ల అంచు పట్టుకుని, ఏదో లెక్క సరిచూసుకునేవాడిలా నిలబడ్డాడు.

“మేడమ్,” అన్నాడు. “కొత్తూరులో మల్లేశ్వర్ అని ఫ్రేములు కట్టే అతను ఒకడు ఉండేవాడు. నిరుడు వానాకాలంలో ఇలాంటి కేసే. మౌంటు నాలుగు వైపులా అతికి ఉంది. కిటికీలో నకలు ఉంది. ఇవే మాటలు నేనే రాశాను: మూసినవాడే మార్చాడు అని. అతను ఇప్పటికీ జైల్లోనే ఉన్నాడు.”

“యజమాని ఎవరు?”

అరుణ్‌కుమార్ కుర్చీవైపు చూశాడు. “పేరు వేరే. బంధువు అనుకుంటాను. ఈ గోదాములోనే తెరిచి చూశాం. ఫ్రేము తిరిగి ఇచ్చేశాం.”

“ఆ ఫ్రేము ఎక్కడుంది సేటు?”

గోవర్ధన్ గడియారం చూసుకుని చిన్నగా నవ్వాడు. “నకలు ఫ్రేములకు కాపలా ఎవలు కాస్తరు మేడమ్? మీరే అన్నరు కద. పొద్దుగాల సరుకుల ద్వారంల అప్పగించిన. పాత చెక్కసామాను పెట్టె. ఈపాటికి గాల్లె ఉంటది. ఆ ఫ్రేము లేకుంటే మీ తెల్లగీతను దేనిమీద కొలుస్తరు? కొత్తూరోడు లోపలనే ఉంటడు.”

అరుణ్‌కుమార్ అప్పటికే ఫోను చెవికి ఆనించుకున్నాడు. బీమా సంస్థ పేరు, తన పేరు, హోదా గబగబా చెప్పాడు. గోవర్ధన్ పంపిన పెట్టెను ఎక్కించవద్దని, ఎక్కించి ఉంటే దించమని అన్నాడు. అవతల ఎవరో కారణం అడిగారు. అతను ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. “నేనిచ్చిన నివేదిక తప్పు. ఒక నిర్దోషి జైల్లో ఉన్నాడు. పోలీసులు నా పక్కనే ఉన్నారు, మాట్లాడండి.” ఎస్.ఐ. ఫోను అందుకుని నాలుగు ముక్కలు గట్టిగా మాట్లాడి, అందరికీ వినబడేట్టు బల్లమీద పెట్టాడు.

అవతల అడుగుల చప్పుడు, బండి చక్రాల చప్పుడు, ఎవరినో పిలిచిన కేక. తర్వాత రొప్పుతున్న గొంతు:

“దొరికింది సార్! బండిమీద ఉన్నది, ఇంకా ఎక్కియ్యలే. ఆపినం.”

యెహోషువ అరచేత్తో బల్లను చరిచాడు. “మల్లేశ్వర్ బయటికొస్తడు! వాని మూలలు నా అంత కావు గని, మంచోడు!”

“సార్, ఉన్నరా?” ఫోనులోని గొంతు మళ్ళీ అంది. “మూత తీసి చూస్తున్నం. మీరు ఒక్క ఫ్రేమన్నరు కద? ఈడ ఏడున్నయ్ సార్. అన్నిట్ల బొమ్మలున్నయ్. అన్నిటి చుట్టు ఒకే తీరు తెల్ల అట్ట.”

గదిలో గోవర్ధన్ కుర్చీ ఒక్కటే కిర్రుమంది. అరుణ్‌కుమార్ పెదవులు కదిలాయి. “నేను రాసింది ఒక్కటే,” అన్నాడు. “మిగతావి నావి కావు. వేరే ఊళ్ళవై ఉండాలి. వేరే సంస్థలవి.”

ప్రసన్నలక్ష్మి ఇంకో కుర్చీ తెచ్చి గోవర్ధన్‌కు ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వేసుకుని కూర్చుంది.

“లాయరు వచ్చేదాంక టైముంది సేటు. మల్లేశ్వర్ పేరు మాకు తెలిసింది. మిగిలిన ఆరుగురు ఫ్రేములు కట్టేటోళ్ళు ఏ ఊళ్ళ, ఏ జైళ్ళల్ల ఉన్నరు? ఒక్కొక్కల పేరు చెప్పు. అరుణ్‌కుమార్ గారు రాసుకుంటరు.”

అరుణ్‌కుమార్ జేబులోనుంచి కలం తీసి, ఆమె పక్కన నిలబడ్డాడు.